సండే స్కూల్‌కి వాలంటీర్లు కావాలంటే మైకులో అడగకండి

ఆరాధన చివర్లో "పిల్లల పరిచర్యకు వాలంటీర్లు కావాలి, ఆసక్తి ఉన్నవాళ్లు పేర్లివ్వండి" అని ప్రకటిస్తే, పక్కవాళ్లు ఇస్తారులే అని ఎవరికి వాళ్లు ఊరుకుంటారు. మనిషిని విడిగా కలిసి అడగండి. అదీ "కాస్త సాయం చేస్తారా?" అని కాదు. "మీరు పాటలు బాగా నేర్పుతారు, ఐదారేళ్ల పిల్లలకి నెలకి రెండు ఆదివారాలు, మూడు నెలలపాటు నేర్పగలరా?" అనండి. ఒకసారి ఒప్పుకుంటే ఇక వదలరనే టెన్షన్‌తోనే చాలామంది తప్పించుకుంటారు. గడువు చెప్తే ఆ భయం ఉండదు. మొదటి ఒకట్రెండు వారాలు ఊరికే కూర్చుని చూడమన్నా మంచిదే.

పాఠం చెప్పడం అందరి వల్లా కాదు. హాజరు వేసేవాళ్లు, క్రాఫ్ట్ కాగితాలు ముందే కత్తిరించి పెట్టేవాళ్లు, తలుపు దగ్గర నిలబడి పిల్లల్ని అమ్మానాన్నలకే అప్పగించేవాళ్లు కూడా టీమే. బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయంలో మామ యిత్రో మోషేకి చెప్పింది పని పంచమనే కదా!

మనుషులు దొరకట్లేదని ఎవర్ని పడితే వాళ్లని మాత్రం తీసుకోవద్దు. కొత్తవాళ్ల గురించి వాకబు చేయండి. ఎంత తెలిసినవాళ్లయినా సరే, పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకపోతే ఇంకా మంచిది.