బోడోనీ ఇటాలిక్: ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

1768లో ఇటలీలోని పార్మా డ్యూక్ ముద్రణాలయం బాధ్యత తీసుకున్న జాంబాటిస్టా బోడోనీ పేరు మీద నిలిచిన ఇంగ్లిష్ అక్షరాలివి. ఇటాలిక్ అంటే వాటి ఒరిగిన రూపం. లావు గీత బాగా లావు, సన్నగీత వెంట్రుకవాసి. అందమంతా ఆ తేడాలోనే, తలనొప్పులూ అక్కడే.

పత్రిక ముఖచిత్రానికి, పెళ్లికార్డులో ఇంగ్లిష్ పేర్లకు 24 పాయింట్లు దాటించి వాడండి. పేరాలకు వద్దు. తప్పదంటే గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బోడోనీ మోడా తీసుకోండి. దాని ఆప్టికల్ సైజు, అంటే ఏ సైజు అచ్చుకు గీతలు తీర్చాలో చెప్పే అంకె, 6 నుంచి 96 దాకా మారుతుంది. అంకె తగ్గించేకొద్దీ సన్నగీతలు బలపడతాయి. 96కి తీర్చినదాన్ని 9 పాయింట్లకు కుదిస్తే అచ్చులో గీతలు తెగి, చిన్న ‘ఎన్’ రెండు కర్రలుగా మిగులుతుంది.

ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే సిరా లోపలికి పాకి సన్నగీతను మింగేస్తుంది. మందం ఒక మెట్టు పెంచండి. నల్ల అక్షరాలకు నలుపు ప్లేటు (ఆ రంగును అచ్చువేసే రేకు) ఒక్కటే, 100 శాతం. నాలుగు రంగులు కలిపితే ప్లేటు ఇసుమంత జరిగినా అంచులు మసకే.

ఇటాలిక్ ఫైలు లేకుండా ‘ఐ’ బటన్ నొక్కితే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు నిటారు అక్షరాన్నే ఒరగదోస్తాయి. చిన్న ‘ఏ’ చూస్తే దొరికిపోతుంది: అసలుదానికి ఒకటే అంతస్తు (గుండ్రటి గిన్నె), దొంగదానికి రెండు (గిన్నె, దానిపైన వంపు). పక్కనున్న తెలుగును మాత్రం ఒరిగించకండి. వత్తులు ఎడమకు జరిగి ముందు అక్షరానివేమో అనిపిస్తాయి.