మాటలు ఆగిపోయిన నాన్నతో మళ్ళీ మాట కలపడం ఎలా

ముందు ఇంటి నుంచి వచ్చే మూటను విప్పి చూడండి. కోనసీమలోనో భీమవరం వైపో ఉన్న తండ్రులు కొడుకుతో ఏళ్ళ తరబడి మాట్లాడకపోయినా బియ్యం పంపడం మానరు. కొత్త బియ్యం ముద్దవుతాయని ఆరు నెలలు నిలవ ఉంచిన ధాన్యాన్ని మరాడిస్తారు. కొబ్బరికాయలు ఒలిచి, పాడవకుండా కన్నుల మీద కాస్త పీచు వదులుతారు. గోనె మూతి పురికొసతో కుట్టి బస్సులో వేయిస్తారు. ఇదంతా ఎవరు చేశారో అమ్మ నోటితో చెప్పదు.

మూట అందిన రోజే ఫోను చేయండి, అమ్మకి కాదు, ఆయనకి. తెల్లారగట్ల చేలో ఉంటారు, భోజనమయ్యాక కునుకు తీస్తారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునే వేళ మంచిది. "బియ్యం చేరాయి నాన్నా, కాయల్లో రెండు చితికాయి" అంటే చాలు. "ఉండు, మీ అమ్మకిస్తా" అనడం ఆయన అలవాటు, దాన్ని కోపం అనుకోవద్దు. ఫోను చేతులు మారేలోపు ఒక్క ప్రశ్న వేయండి. "ఒంట్లో ఎలా ఉంది" అంటే "బానే ఉంది" దగ్గరే ఆగిపోతుంది. "ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయి? కాలువ వదిలారా? దాళ్వాకి, అదే రెండో పంటకి, 1121 రకం వరి వేశారా, ఇంకోటా?" అంటే చెప్పడానికి ఆయన దగ్గర బోలెడు ఉంటుంది. పది, పదిహేను రోజులకోసారి ఇలా రెండు నిమిషాలు, మూడు నెలలు.

మొదటిసారి సంక్రాంతికి వెళ్ళకండి. ఇంటినిండా అల్లుళ్ళు, బంధువులు ఉంటారు. అందరి ముందూ ఆయన ముఖం తిప్పుకుంటే ఆ మాట ఊరంతా పాకుతుంది, తర్వాత ఆయన మెత్తబడాలనుకున్నా పరువు అడ్డొస్తుంది. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేసే వేసవి రోజులు అనుకూలం. పని తక్కువ, ఇంట్లో జనం ఉండరు. వస్తున్నానని ముందురోజు ఆయనకే చెప్పండి. రెండు రాత్రులు చాలు. డబ్బు చేతిలో పెట్టకండి. ఆయన ఏ వస్తువుకి పదేపదే అతుకేసుకుంటున్నారో అమ్మనడిగి, టార్చిలైటో, పంచెల చాపో అదే తీసుకెళ్ళండి.

ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే ప్రయత్నం దాదాపు ఎప్పుడూ చెడుతుంది. పెద్దమనుషుల్ని పిలిస్తే మరీను. గట్టు మీద ఆయన వెనకాల నడవండి. గట్టు సన్నం కాబట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు. లేదా బండి మీరు నడపండి, ఆయన వెనక కూర్చుంటారు. చాలాసేపు ఏమీ మాట్లాడరు, మీరూ తొందరపడి నింపకండి. పక్కింటి కుర్రాడి గురించి ఏదో అంటారు, అది మీ గురించే. వినండి, వాదించకండి.

తప్పు మీదైతే అదేమిటో పేరుపెట్టి ఒక్క వాక్యంలో చెప్పండి. చివర "కానీ" తగిలించారంటే పాత గొడవ మొదటికొస్తుంది. జవాబుగా ఆయన "లోపలికెళ్ళి అన్నం తిను" అంటారు. అదే జవాబు. వెళ్ళి తినండి.

డెల్టాలో చాలా ఇళ్ళలో గొడవ పొలం దగ్గరే మొదలవుతుంది: వరిచేను రొయ్యల చెరువుగా తవ్వడమో, అమ్మడమో, కౌలుకివ్వడమో. ఆ మాట ఆయనెత్తినా, "ఫలానా వారం వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం" అని రోజు చెప్పి, ఆ రోజు వెళ్ళి తీరండి. పెళ్ళి విషయంలో దూరమైతే మొదట ఒంటరిగా వెళ్ళండి, అయితే భార్యకి తెలియకుండా మాత్రం కాదు. ఆమెను కించపరిస్తే గొంతు పెంచకుండా లేచి వచ్చేయండి. పదిహేను రోజుల ఫోను మాత్రం ఆపకండి.

తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మూట కడతారు. "అక్కడ దొరుకుతాయి నాన్నా" అనకండి. బరువైనా మోసుకెళ్ళండి. ఇల్లు చేరగానే ఫోను ఆయన నంబరుకే చేసి, ఈసారి కాయలన్నీ బాగానే వచ్చాయో లేదో చెప్పండి.