జెనాన్ ఫ్లో నిలకడగా ఉండాలంటే డిశ్చార్జ్ కరెంట్‌ను చూడండి

హాల్ థ్రస్టర్‌ను (జెనాన్ గ్యాస్‌ను అయాన్లుగా మార్చి, విద్యుత్తుతో వెనక్కి చిమ్మి అంతరిక్ష నౌకను నెట్టే ఇంజిన్‌ను) మొదటిసారి వెలిగించేవాళ్లు పవర్ సప్లై గురించి టెన్షన్ పడతారు గానీ, నా అనుభవంలో అసలు తిప్పలు పెట్టేది గ్యాసే. ఎస్‌పీటీ-100 రకం థ్రస్టర్ సెకనుకు తీసుకునేది సుమారు 5 మిల్లీగ్రాముల జెనాన్, అంటే గంటకు 18 గ్రాములు.

ముందు ట్యాంకు సంగతి. జెనాన్ దాదాపు 16.6 డిగ్రీల కంటే చల్లబడితే ట్యాంకులోని ఎక్కువ పీడనంలో ద్రవంగా మారిపోగలదు, ఆ ద్రవం పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్‌లోకి వెళ్తే దాని తర్వాత పీడనం నిలవదు. అందుకే ట్యాంకును, రెగ్యులేటర్ దాకా పైపును 20 డిగ్రీల పైనే ఉంచండి. రెగ్యులేటర్ తర్వాత 2.5 బార్ చాలు.

పైపుల శుభ్రత దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఒకసారి కొత్త సిలిండర్ తగిలించి, మధ్యలో ఉన్న జానెడు గొట్టంలోని గాలిని పంపుతో లాగకుండానే వాల్వు తిప్పేశాం. ఆ తర్వాత కాథోడ్ (థ్రస్టర్‌కు ఎలక్ట్రాన్లు అందించే భాగం) వెలగడానికి ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు పట్టి, చివరికి వెలగడమే మానేసింది. బేరియం పూత ఉన్న కాథోడ్‌కు ఆక్సిజన్, తేమ విషమే. జెనాన్ 99.999 శాతం స్వచ్ఛమైనదే కొనండి, పైపులను వేడి చేసి రాత్రంతా పంపు మీద వదిలేయండి.

ఇక ఫ్లో. నాసా 2007లో పంపిన డాన్ అనే అంతరిక్ష నౌకలో వాల్వులు తెరుస్తూ మూస్తూ చిన్న ట్యాంకుల్లో పీడనాన్ని నిలబెట్టారు. ఎస్‌పీటీ-100లో పద్ధతి వేరు: వెంట్రుక లాంటి సన్నటి గొట్టాన్ని కరెంటుతో వేడి చేస్తారు. నూనె వేడెక్కితే పలచబడుతుంది కదా, గ్యాస్ దానికి పూర్తిగా ఉల్టా, వేడెక్కేకొద్దీ జిగట పెరిగి, సాంద్రత తగ్గి, తక్కువగా పారుతుంది. కాబట్టి హీటర్ పెంచితే ఫ్లో తగ్గుతుంది, కోడ్ రాసేటప్పుడు ఈ గుర్తు తారుమారు చేశారంటే అంతే సంగతులు. ఆ గొట్టం దాటాక దారి రెండుగా చీలి ఎక్కువ భాగం యానోడ్‌కి (థ్రస్టర్ లోపలి ప్లస్ కొసకి), పది శాతం లోపు కాథోడ్‌కి వెళ్తుంది.

ఇంత చిన్న ఫ్లోను అంతరిక్షంలో నేరుగా కొలిచే బదులు డిశ్చార్జ్ కరెంట్‌నే, అంటే యానోడ్‌కీ కాథోడ్‌కీ మధ్య పారే కరెంట్‌నే, కొలతగా వాడతారు, ఎందుకంటే యానోడ్ ఫ్లో పెరిగితే అదీ దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. లక్ష్యం 4.5 ఆంపియర్లు పెట్టుకుని, కరెంట్ దాటితే హీటర్ పెంచండి, తగ్గితే తగ్గించండి. అయితే ఆ కరెంట్ సెకనుకు వేలసార్లు ఊగుతుంది, సగటు తీశాకే హీటర్‌ను ఇలా సరిదిద్దే కంట్రోల్ లూప్‌కి ఇవ్వండి. గొట్టం వేడెక్కడానికి కాస్త టైం పడుతుంది కాబట్టి లూప్‌ను తొందరపెట్టకండి, థ్రస్టర్ వెలిగి కుదురుకున్నాకే ఆన్ చేయండి.

ఇక్కడో మోసం ఉంది. సెకనుకు 1 మిల్లీగ్రాము జెనాన్‌లో ప్రతి పరమాణువూ ఒక్కో ఎలక్ట్రాన్ వదిలితే వచ్చేది 0.73 ఆంపియరే, డిశ్చార్జ్ కరెంట్‌లో మిగతాది కాథోడ్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లది. అయస్కాంత క్షేత్రం బలహీనపడి ఆ వాటా పెరిగినా మీ లూప్‌కు ఫ్లో పెరిగినట్టే కనబడి, పాపం, అవసరమైన గ్యాస్‌ను కోసేస్తుంది. అందుకే కరెంట్ పక్కనే మ్యాగ్నెట్ కరెంట్‌ను, థ్రస్ట్‌ను కూడా నమోదు చేయండి. వాక్యూమ్ ఛాంబర్‌లో పీడనం ఎక్కువుంటే థ్రస్టర్ చుట్టూ ఉన్న జెనాన్‌ను కూడా పీల్చుకుంటుంది, కాబట్టి ప్రతి రీడింగ్ పక్కన ఛాంబర్ పీడనం రాసిపెట్టుకోండి.