వీడియో చూసి స్వభావం చెప్పే ప్రాజెక్టు చేస్తున్నారా?

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులు చూసే పని నాది. ఏటా ఒక బ్యాచ్ అయినా "మనిషి హావభావాలను బట్టి స్వభావం చెప్పే ప్రాజెక్టు చేస్తాం సార్" అంటూ వస్తుంది. చేయండి, మంచి పనే. కానీ కోడ్ జోలికి వెళ్లకముందే లేబుల్స్, అంటే ఒక్కో వీడియోలోని మనిషి స్వభావానికి ఇచ్చిన మార్కులు, ఎవరు వేశారో చూసుకోండి. చాలామంది వాడే ఫస్ట్ ఇంప్రెషన్స్ డేటాసెట్‌లో (చాలెర్న్ అనే సంస్థ 2016లో పెట్టిన పోటీ కోసం ఇచ్చింది) సగటున 15 సెకన్ల క్లిప్పులు 10,000 ఉన్నాయి. వాటికి మార్కులు వేసింది చూసినవాళ్లు. అంటే మోడల్ నేర్చుకునేది చూపరుల అభిప్రాయాన్నే. స్వభావమే కావాలంటే బిగ్ ఫైవ్ ప్రశ్నావళిని (కలుపుగోలుతనం, నలుగురిలో చొరవగా ఉండే బహిర్ముఖత్వం లాంటి ఐదు గుణాల్లో స్వభావాన్ని కొలిచేది) తెలుగులోకి జాగ్రత్తగా మార్చుకుని, కెమెరా ముందు కూర్చున్నవాళ్లతోనే నింపించండి.

రికార్డింగ్‌కి ముందు కెమెరాలో యాంటీ ఫ్లికర్‌ని 50 హెర్ట్జ్‌కి పెట్టండి. మన కరెంటు అదే. లేకపోతే ల్యాబ్ ట్యూబ్‌లైట్ కింద వీడియోలో చారలు పడతాయి. కిటికీకి వీపు పెట్టి ఎవర్నీ కూర్చోబెట్టొద్దు.

తర్వాత వీడియోలో ముఖాన్ని, ఒంటిని గుర్తించే ఉచిత సాఫ్ట్‌వేర్ మీడియాపైప్ పెట్టండి. ముఖం మీద కనుపాపలతో కలిపి 478 చుక్కలు, ఒంటి మీద 33 పట్టిస్తుంది. చూపు దిశ, ముఖ కండరాల కదలికలు కావాలంటే ఓపెన్‌ఫేస్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉంది. చేతుల కదలికను భుజాల వెడల్పుతో భాగించండి, లేకపోతే కెమెరాకి దగ్గరగా కూర్చున్నవాళ్లే హుషారైనవాళ్లుగా తేలుతారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఓసారి ధర్మవరం అమ్మాయి ఒకరు మాక్ ఇంటర్వ్యూలో నేను చెప్పే ప్రతి మాటకీ తల అటూ ఇటూ మెల్లగా వంచుతూ విన్నారు. మన దగ్గర అది "ఊఁ, సరే సార్" అనడం. మావాళ్ల ప్రోగ్రామ్ దాన్ని "కాదు" కింద లెక్కేసి, కలుపుగోలుతనంలో అందరికంటే తక్కువ ఇచ్చింది. పెద్దవాణ్ని కాబట్టి నా ముందు చూపు దించుకున్నారు, దాంతో బహిర్ముఖత్వమూ పడిపోయింది. తర్వాత ఇంట్లో మగ్గం గురించి అడిగాను. కొత్త పడుగు పోగుల్ని పాతవాటికి ఒక్కొక్కటే ఎలా అతుకుతారో బొటనవేలు, చూపుడువేలు మెలిపెట్టి చూపించారు. చేతులు గాల్లోనే ఉన్నాయి, కళ్లు సూటిగా నా మీదే. అదే మనిషి, పది నిమిషాల తేడా. అందుకే ఒక్కొక్కరినీ కనీసం మూడు సందర్భాల్లో తీయండి: పెద్దవాళ్లతో, స్నేహితులతో, ఇష్టమైన పని గురించి చెబుతూ.

డేటా విడగొట్టేటప్పుడు ఒకే మనిషి క్లిప్పులు ట్రెయినింగ్‌లోనూ (మోడల్‌కి నేర్పే భాగం) టెస్ట్‌లోనూ (దాన్ని పరీక్షించే భాగం) పడనివ్వొద్దు, మోడల్ ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పైథాన్ లైబ్రరీ సైకిట్‌లెర్న్‌లో, ఒక మనిషి క్లిప్పులన్నీ ఒకే వైపు ఉండేలా విడగొట్టే గ్రూప్‌కేఫోల్డ్ అందుకే ఉంది. 2016 పోటీలో గెలిచిన జట్టు స్కోరు 0.913 అని చూసి మురిసిపోకండి. అది ఒకటిలోంచి సగటు తప్పును తీసేసిన లెక్క. అందరికీ సగటు మార్కే వేసినా ఆ లెక్కలో స్కోరు పెద్దగానే వస్తుంది. మీ మోడల్ స్కోరుని ముందు ఆ సగటు మార్కు స్కోరుతోనే పోల్చండి.

అనుమతి పత్రం తెలుగులో రాసి సంతకం తీసుకోండి. ఈ మార్కులతో ప్లేస్‌మెంట్‌కి పిల్లల్ని ఏరతామని ఎవరడిగినా ఇవ్వొద్దు. నన్నూ అడిగారు, ఇవ్వలేదు.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఒకే మనిషివి రెండు వేర్వేరు సందర్భాల క్లిప్పులు సౌండ్ తీసేసి ఐదుగురికి విడివిడిగా చూపించి మార్కులు వేయించండి. ఆ ధర్మవరం అమ్మాయి అనుమతితో ఆమె క్లిప్పులే నేను ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తాను. రెండూ ఒకరివేనన్నట్టు మార్కులు వేసిన బ్యాచ్ ఇంతవరకూ రాలేదు.