ఆరుబయట ఇంద్రజాలం – ఐదవ పాఠం: గాలి, వాన, ఎండ

మిద్దెపై గానీ, వీధిలో వేసిన షామియానా కింద గానీ పిల్లలను ఎలా కూర్చోబెడితే అందరికీ మన బల్ల కనిపిస్తుందో గత పాఠంలో నేర్చుకున్నాము. ఆ అభ్యాసం పూర్తి చేయనివారు ముందు దానిని ముగించి రావాలని కోరుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే వాటిలో చాలా భాగం ఆ కూర్పుపైనే ఆధారపడి ఉంది.

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ప్రదర్శకుడిని ఇబ్బంది పెట్టే కాలాలు రెండు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితో పాటు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన రోజులు గానీ, 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను గానీ ఇక్కడివారు మరిచిపోయేవి కావు. అయితే అటువంటి వాన రెండు మూడు రోజుల ముందే కబురు పంపి వస్తుంది గనుక, వాతావరణ శాఖ హెచ్చరిక చూసిన వెంటనే ఇంటివారికి ఫోన్ చేసి వేడుకను లోపలి హాలుకు మార్చమనడమో, తేదీ జరపమనడమో చేస్తే సరిపోతుంది. అసలు నైపుణ్యం కావలసింది ఏప్రిల్, మే నెలలకు. గంగమ్మ జాతర, వేసవి సెలవుల వేడుకలు అన్నీ అప్పుడే ఉంటాయి. పగలంతా 40 డిగ్రీలు దాటే ఎండ కాసి, సాయంత్రం కొండ వైపు మబ్బు నల్లబడి, పావుగంటలో ఈదురుగాలి మీద పడుతుంది.

వీటిలో గాలే మనకు పెద్ద శత్రువని నా అభిప్రాయం. వాన వస్తే ప్రదర్శన ఆగుతుంది, గాలి వస్తే రహస్యం బయటపడుతుంది. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక మే నెల సాయంత్రం మిద్దెపై జరిగిన పుట్టినరోజు వేడుకలో, దినపత్రికను చింపి తిరిగి అతికించే అంశం చేస్తున్నాను. ఒక్క విసురుకు వెనుక మడిచి దాచిన రెండవ పత్రిక విచ్చుకుని, బొటనవేలు దాటి, పటపటమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు వరుసలో కూర్చున్న పాప అంతవరకు నోరు తెరుచుకుని చూస్తున్నదల్లా నోరు మూసుకుని, వాళ్ళ అమ్మ వైపు తిరిగింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆరుబయటకు కాగితం, పట్టు రుమాళ్ళు, కొవ్వొత్తి, పరిచి చూపే పేకముక్కలు తీసుకువెళ్ళడం మానివేశాను. తాడు, లోహపు గిన్నెలు, బంతులు, నాణేలు, చెక్క పెట్టెలు గాలికి లొంగవు. వాటితోనే 40 నిమిషాలు నిండుగా నడపవచ్చు.

బల్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మడత బల్ల తేలికగా ఉంటుంది కాబట్టి, దాని కాళ్ళ మధ్య ఐదు లీటర్ల నీళ్ళ క్యానును తాడుతో వేలాడదీస్తే ఐదు కిలోల బరువు కిందికి లాగుతూ దానిని నిలబెడుతుంది. మీ వెనుక పిట్టగోడో, ఇంటి గోడో ఉండేలా చోటు ఎంచుకుంటే గాలి చాలావరకు తగ్గుతుంది, వెనుక నుంచి చూసే పిల్లల బెడదా తప్పుతుంది. సాయంత్రం ప్రదర్శనలో ప్రేక్షకుల వీపు పడమటికి ఉండాలి. ఎండ మన కళ్ళలో పడినా ఫరవాలేదు, పిల్లలు మాత్రం కళ్ళు చికిలించుకుని చూడకూడదు.

ఎండ గురించి చెప్పవలసింది తక్కువ. చిత్తూరు పల్లెలలో భారతం ఉత్సవాలు వేసవిలోనే జరిగినా, వీధి నాటకం రాత్రి మొదలై తెల్లవారే వరకు సాగుతుంది. మనమూ సూర్యాస్తమయం తరువాతి సమయాన్నే అడగాలి. తప్పనిసరిగా పగలు చేయవలసి వస్తే లోహపు రింగులను నీడలో, తడి గుడ్డ కింద ఉంచండి. ఎండలో కాలిన రింగును పిల్లవాడి చేతికి పరీక్షకు ఇవ్వడం ఘోరమైన తప్పు. బెలూన్లు కూడా వేడి నేల తగిలితే చిట్లుతాయి.

ఇక వాన. ప్రదర్శనను ఒకే పొడవైన కథగా కాక, ఐదారు నిమిషాల ముక్కలుగా, ప్రతి ముక్కకూ దానిదైన ముగింపు ఉండేలా కూర్చుకోవాలి. అప్పుడు ఏ ముక్క దగ్గర ఆపినా, పిల్లలు సగంలో వదిలేసినట్లు కాక పూర్తయినదాన్ని చూసినట్లే లేచి వెళతారు. చల్లగాలి ఒక్కసారిగా తగలడమే సూచన. మొదటి చినుకు దాకా ఎదురుచూడకుండా, అప్పుడే చేస్తున్న ముక్కను ముగించి, అందరినీ లోపలికి పంపండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నదని అర్థం. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు గడిచే వరకు మిద్దెపైకి ఎవరినీ రానివ్వకూడదు. ఇంటి యజమాని "ఏం కాదులే సార్, ఇంకొక్కటి చేయండి" అన్నా సరే, ఆపే నిర్ణయం మనదే. ఈ మాట అడ్వాన్సు తీసుకునే రోజునే చెప్పి, వాన వస్తే ఏ గదిలో కొనసాగించాలో కూడా అప్పుడే చూసుకోవాలి.

విద్యుత్తు విషయంలో రాజీ వద్దు. ప్లగ్గు బోర్డును నేలపై పెట్టకుండా ఇటుకలపైకి ఎత్తించండి. చినుకులు పడగానే మొదట మెయిన్ ఆపించి, ఆ తరువాతే స్పీకరుపై ప్లాస్టిక్ పట్టా కప్పండి. షామియానా గుడ్డపై నీరు నిలిచి కిందికి సాగితే, ఈదురుగాలికి గుంజలు కదిలితే, దాని కింద ఒక్క పిల్లవాడు కూడా ఉండకూడదు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో టేబుల్ ఫ్యానును పూర్తి వేగంతో తిప్పి, దాని ఎదుట మీ ప్రదర్శన అంతా చేయండి. ఎగిరినవి, పడినవి, విచ్చుకున్నవి ఒక కాగితంపై రాసి, వాటి స్థానంలో బరువైన అంశాలను చేర్చండి. తరువాత ఇంట్లో ఎవరినైనా తమకు తోచిన క్షణంలో "వాన" అని కేకవేయమనండి. కేక వినిపించిన ఒక్క నిమిషంలో ముక్క ముగియాలి, మరో మూడు నిమిషాలలో సామాను అంతా పెట్టెలో చేరాలి. అంత వేగం వచ్చిన తరువాతనే ఆరవ పాఠానికి రండి. మైకు లేకుండా ఇరుకు గదిలో, తడిసి వచ్చిన ముప్పై మంది పిల్లల ముందు ఇదే ప్రదర్శనను కొనసాగించడం అక్కడ నేర్చుకుందాము.