ఆంగ్ల శ్రవణ, పఠన ప్రశ్నల రచన – నాలుగవ పాఠం: తప్పు సమాధానాలను రాయడం

గత పాఠంలో చైనా జాతీయ కళాశాల ప్రవేశ పరీక్ష అయిన గావోకావోలో ఆంగ్ల ప్రశ్నపత్రం ఎలా అమరి ఉంటుందో చూశాం. దానిని మన అధ్యయనానికి నమూనాగా ఎంచుకోవడానికి కారణం దాని పరిమాణం ఒక్కటే కాదు. 2024లో 1 కోటీ 34 లక్షల మందికి పైగా విద్యార్థులు గావోకావోకు పేరు నమోదు చేసుకున్న మాట నిజమే గాని, ఆంగ్లం దైనందిన జీవితంలో వినబడని ఊళ్లలో పెరిగిన పిల్లల శ్రవణ, పఠన సామర్థ్యాలను కాగితం మీద, ధ్వనిముద్రణ ద్వారా ఎలా కొలవాలన్న చిక్కును ఆ దేశం దశాబ్దాలుగా ఎదుర్కొంటున్నందువల్ల, ప్రశ్నలు రాయడం నేర్చుకునేవారికి అక్కడ నేర్వదగినది చాలా ఉంది. 1985లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఆంగ్లానికి ప్రామాణీకృత పరీక్షను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినప్పుడు గుయ్ షిచున్, లి షియావోజు వంటి భాషాచార్యులు ఆశించినది కూడా ఇదే: పరీక్ష మారితే తరగతి గదిలో బోధన వ్యాకరణ సూత్రాల నుండి భాషా వినియోగం వైపు మళ్లుతుందని వారు భావించారు.

ఇప్పుడు ఎక్కువ రాష్ట్రాలలో వాడుకలో ఉన్న నూతన జాతీయ పత్రం 150 మార్కులది, వ్యవధి 120 నిమిషాలు. అందులో శ్రవణానికి 30, పఠనానికి 50 మార్కులు ఉంటాయి. శ్రవణ విభాగంలో 20 ప్రశ్నలు, ఒక్కొక్క దానికి ఒకటిన్నర మార్కు, ఎంచుకోవడానికి మూడేసి సమాధానాలు. మొదటి అయిదు చిన్న సంభాషణలను ఒక్కసారి మాత్రమే వినిపిస్తారు; ప్రతి సంభాషణ తరువాత జవాబు గుర్తించి తదుపరి ప్రశ్న చదువుకోవడానికి 10 సెకన్లు ఇస్తారు. మిగిలిన అయిదు భాగాలు కాస్త పొడవైన సంభాషణలు, ఏకభాషణలు; వాటిని రెండుసార్లు వినిపిస్తారు, వినడానికి ముందు ప్రశ్నకు 5 సెకన్లు, విన్న తరువాత ప్రశ్నకు 5 సెకన్లు కేటాయిస్తారు. ఈ సెకన్ల లెక్కను నోటు పుస్తకంలో రాసుకోండి, అభ్యాసంలో అవసరమవుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. సరైన సమాధానం రాయడానికి పెద్ద నైపుణ్యం అక్కరలేదు. సంభాషణ రాసినవారికి అది ముందే తెలుసు. ప్రశ్న పనితనమంతా తప్పు సమాధానాలలో ఉంటుంది. విద్యార్థి ఒక తప్పు సమాధానాన్ని ఎంచుకున్నప్పుడు అతడు ఎక్కడ పొరబడ్డాడో మనకు తెలియాలి. అది తెలియనీయని తప్పు సమాధానం కాగితం మీద చోటు నింపడానికే పనికివస్తుంది.

గావోకావో శ్రవణ విభాగం ఆరంభంలో సూచనలతో పాటు ఏళ్ల తరబడి మారకుండా వస్తున్న ఒక మాదిరి ప్రశ్న ఉంది. "హౌ మచ్ ఈజ్ ద షర్ట్?" అన్న ఆ ప్రశ్నకు ఇచ్చిన మూడు ధరలు 19.15 పౌండ్లు, 9.18 పౌండ్లు, 9.15 పౌండ్లు, జవాబు మూడవది. చొక్కా ధర తొమ్మిది పౌండ్ల పదిహేను పెన్నీలు అని ఆ సూచనలలో వినిపించే చీనీ వాక్యం అక్కడి యువతకు కంఠస్థమై, వాడుక మాటగా స్థిరపడింది. ఈ మూడు అంకెలను దగ్గర పెట్టుకుని చూడండి. మొదటిది ఎంచుకున్న పిల్లవాడు "నైన్", "నైన్‌టీన్" అన్న రెండు మాటల మధ్య తడబడ్డాడని తెలుస్తుంది. రెండవది ఎంచుకున్నవాడు చివరి అంకెను సరిగా పట్టుకోలేదని మాత్రమే తెలుస్తుంది, ఎందుకంటే "ఫిఫ్టీన్", "ఎయిటీన్" అన్న మాటలు చెవికి అంత దగ్గరివి కావు. ఇక్కడ 9.50 ఉండి ఉంటే "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" మధ్య తేడాను పరీక్షించినట్లయ్యేది. అయితే ఇది పద్ధతిని వివరించడానికి పెట్టిన మాదిరి గనుక తేలికగా ఉండడమే సబబు. మార్కులు వచ్చే ప్రశ్నలో మాత్రం అటువంటి రెండవ సమాధానాన్ని నేను అంగీకరించను.

మంచి తప్పు సమాధానం రాయాలంటే విద్యార్థి మాతృభాషను ఎరిగి ఉండాలి. చైనా ప్రామాణిక భాష అయిన మాండరిన్‌లో అక్షరం అచ్చుతోనో, ముక్కుతో పలికే "న్", "ఙ్" ధ్వనులతోనో, అరుదుగా రేఫతోనో ముగుస్తుంది తప్ప "ట్", "డ్", "క్" వంటి హల్లులతో ముగియదు. అందువల్ల ఆంగ్ల పదం చివరి హల్లు ఆ పిల్లల చెవికి సులువుగా జారిపోతుంది. మన తెలుగు అజంత భాష కావడం వల్ల "బస్" అన్న మాటకు చివర అచ్చు చేర్చి "బస్సు" అని మనం హల్లును నిలబెట్టుకుంటాం. అక్కడి పిల్లలు కొన్నిసార్లు అలాగే అచ్చు చేరుస్తారు, కొన్నిసార్లు హల్లునే వదిలేస్తారు. దానికి తోడు మాండరిన్‌లో క్రియ కాలాన్ని బట్టి రూపం మార్చుకోదు కాబట్టి, గత కాలాన్ని తెలిపే చిన్న ధ్వని వినబడకపోయినా లోపించిందన్న అనుమానం కలగదు.

ఈ అవగాహనతో ఒక ప్రశ్నను కలిసి రాద్దాం. మొదటి భాగానికి తగిన చిన్న సంభాషణ ఇది. స్త్రీ ఇలా అంటుంది: "ద ట్రెయిన్ టు సుజౌ లీవ్స్ ఎట్ త్రీ ఫిఫ్టీన్, డజంట్ ఇట్?" పురుషుడు బదులిస్తాడు: "ఇట్ యూజ్డ్ టు. నౌ ఇట్స్ టెన్ మినిట్స్ ఎర్లియర్." రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుందన్నది ప్రశ్న. సరైన జవాబు 3.05. ఈ అంకె ధ్వనిముద్రణలో ఎక్కడా పలకబడలేదని గమనించండి. తప్పు సమాధానాలుగా 3.15నూ, 3.25నూ పెడదాం. 3.15 ఎంచుకున్న విద్యార్థి వినబడిన అంకెను పట్టుకున్నాడు గాని "యూజ్డ్ టు" అన్న మాటతో ఆ వేళ పాతబడిపోయిందని గ్రహించలేదు. 3.25 ఎంచుకున్నవాడు మార్పు జరిగిందనీ, అది పది నిమిషాలనీ గ్రహించి, "ఎర్లియర్" అన్న మాట దగ్గర జారిపోయాడు. మొదటివానికి బోధించవలసిన పాఠం వేరు, రెండవవానికి వేరు. మూడవ తప్పు సమాధానానికి చోటుంటే 3.40 పెట్టవచ్చు, ఎందుకంటే "ఫిఫ్టీన్" బదులు "ఫిఫ్టీ" విన్నవాడు పది నిమిషాలు తీసివేసి అక్కడికే చేరతాడు. అంతకు మించి, 4.30 వంటి ఏ పొరపాటు నుండీ పుట్టని అంకె పెడితే దానిని ఎవరూ ఎంచుకోరు. మూడు సమాధానాల ప్రశ్న రెండు సమాధానాల ప్రశ్నగా కుంచించుకుపోయి, ఊహించి గుర్తించేవానికి మూడింట ఒక వంతుగా ఉన్న అవకాశం సగానికి పెరుగుతుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది, దానిని దాటకూడదు. మనం కొలవదలచినది శ్రవణాన్ని, లెక్కల సామర్థ్యాన్ని కాదు. పదిహేను నుండి పది తీసివేయడం పదిహేడేళ్ల పిల్లలకు శ్రమ కాదు కాబట్టి పై ప్రశ్న నిలుస్తుంది. పెద్ద సంఖ్యల విషయం అలా కాదు. చైనా భాషలో పది వేలకు "వాన్" అన్న ప్రత్యేక ప్రమాణం ఉంది గనుక "ఫిఫ్టీన్ థౌజండ్" అని విన్న పిల్లవాడు దానిని ఒక వాన్ అయిదు వేలుగా మార్చుకోవాలి. మనకు అది నేరుగా పదిహేను వేలు. అదే "వన్ పాయింట్ టూ మిలియన్" అంటే వారు నూట ఇరవై వాన్‌లుగా, మనం పన్నెండు లక్షలుగా మార్చుకోవలసి వస్తుంది. ఇటువంటి సంఖ్యను ఒక్కసారి మాత్రమే వినిపించి 10 సెకన్లలో జవాబు అడిగితే, ఆ సమయం మార్పిడికే ఖర్చవుతుంది. రెండుసార్లు వినిపించే భాగంలో పెట్టడం న్యాయం.

మరొక హద్దు సర్వనామాలది. మాండరిన్‌లో అతడు, ఆమె అన్న రెండింటికీ పలుకు ఒక్కటే, "తా". రాతలో మాత్రమే తేడా కనిపిస్తుంది. కాబట్టి "హి", "షి" తేడా మీద మాత్రమే ఆధారపడిన ప్రశ్న, వ్యాకరణం బాగా తెలిసిన చైనా విద్యార్థిని కూడా తడబడేలా చేస్తుంది. అతడు, ఆమె అని వేరుగా చెప్పుకునే మన పిల్లలకు అదే ప్రశ్న ఏ కష్టమూ కలిగించదు. భాషలో ఉన్న నిజమైన తేడా కాబట్టి ఒక పత్రంలో ఒక్కసారి అడగడం తప్పు కాదు. రెండవసారి అడిగితే మాతృభాషకు శిక్ష వేసినట్లవుతుంది. "కెన్", "కాంట్" మధ్య ఉన్న చిన్న "ట్" మీద మొత్తం ప్రశ్నను నిలబెట్టడం కూడా ఇటువంటిదే. నిజ జీవితంలో ఆ మాట సరిగా వినబడకపోయినా, వెనువెంట వచ్చే "సారీ" అన్న మాటో, చెప్పే కారణమో అర్థాన్ని సరిచేస్తుంది. సంభాషణలోనూ అటువంటి రెండవ ఆధారం ఉండి తీరాలి.

ధ్వనిముద్రణ వినిపించే పరిస్థితుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. చైనాలో విదేశీ భాష పరీక్ష మధ్యాహ్నం 3 గంటలకు ప్రారంభమైతే 2.45 తరువాత వచ్చిన విద్యార్థిని లోనికి రానివ్వరు. పరీక్షా కేంద్రాల చుట్టుపక్కల వాహనాల హారన్లను నిషేధిస్తారు. నేను తొలిసారి శ్రవణ పరీక్ష నిర్వహించిన గదిలో నాలుగు పాత పంకాలు తిరుగుతూ ఉండగా, వెనుక వరుసలోని పిల్లలు పదాల చివరి భాగాలను అసలు వినలేకపోయారు. వారి తప్పులను వారి అజ్ఞానంగా లెక్కగట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ అభ్యాసానికి ముందు చివరి బల్ల మీద మీరే కూర్చుని వినండి.

పఠన ప్రశ్నలలోనూ సూత్రం ఇదే గాని, ప్రమాదం మరో దిక్కు నుండి వస్తుంది. నూతన జాతీయ పత్రంలో నాలుగు వ్యాసభాగాల మీద 15 ప్రశ్నలు, ఒక్కొక్క దానికి రెండున్నర మార్కులు, నాలుగేసి సమాధానాలు ఉంటాయి. ఇక్కడ విద్యార్థి చదవకుండానే జవాబు చెప్పగలగడం పెద్ద లోపం. హాంగ్‌జౌ ప్రాంతపు లాంగ్‌జింగ్ తేయాకు గురించి ఒక వ్యాసభాగం ఇచ్చి, ఏప్రిల్ ఆరంభంలో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన ఆకుకు ఎక్కువ ధర ఎందుకు పలుకుతుందని అడిగారనుకుందాం. అక్కడి పిల్లలలో చాలామంది ఇంటి మాటల్లోనే ఆ సంగతి విని ఉంటారు. ఉగాది పచ్చడిలో ఎన్ని రుచులు ఉంటాయని మన పిల్లలను ఆంగ్లంలో అడిగినట్లే అది కూడా. ఆ ప్రశ్నను కొట్టివేసి, వ్యాసంలో కనిపించే రైతు ఈ ఏడాది ఒక వాలు మీది ఆకును కోయకుండా ఎందుకు వదిలాడని అడగండి. దానికి జవాబు ఆ పేరాలో తప్ప మరెక్కడా దొరకదు. తప్పు సమాధానాలలో ఒకటి, తేయాకు గురించి అందరికీ తెలిసిన నిజమై ఉండి, ఈ రైతుకు మాత్రం వర్తించనిదిగా ఉండాలి. చదవకుండా తెలిసినదాన్ని గుర్తించేవాడు అక్కడ పట్టుబడతాడు.

ఏడు వాక్యాలలో నుండి అయిదింటిని ఎంచి ఖాళీలలో నింపే విభాగం నాకు ఎంతో ఇష్టమైనది, ఎందుకంటే అది పేరాలో ఆలోచన ఎలా నడుస్తుందో అడుగుతుంది. దాని రహస్యం ఖాళీకి అటూ ఇటూ ఉన్న వాక్యాలలో ఉంటుంది. ఉదాహరణకు ఒక కథనంలో "మొదటి వారం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు" అన్న అర్థం గల వాక్యం తరువాత ఖాళీ, ఆ తరువాత "ఆ ఒక్క మాటతో ఆమె భయం సగం తీరింది" అన్న వాక్యం ఉన్నాయనుకుందాం. ఖాళీలో ఉండవలసినది "ఎనిమిదవ రోజున పక్క బల్ల అమ్మాయి కూర్చోమంది" అన్న వాక్యం. దారి తప్పించే వాక్యంగా "కొత్త పాఠశాలలో స్నేహితులు దొరకడం కష్టం" అన్నది పెడితే విషయం సరిపోతుంది గాని, "ఆ ఒక్క మాట" అన్న పదానికి ఆధారం ఉండదు. విషయం కలిసి లంకె తెగే వాక్యమే ఇక్కడ మంచి తప్పు సమాధానం. ఒక వాక్యాన్ని తప్పు ఖాళీలో పెట్టినవాడు దాని అసలు చోటును కూడా పోగొట్టుకుని ఒకే పొరపాటుకు అయిదు మార్కులు నష్టపోతాడు కాబట్టి, రెండు ఖాళీలకు సమానంగా అతికే వాక్యాన్ని ఎన్నడూ ఇవ్వవద్దు.

రాసిన ప్రశ్న పని చేసిందో లేదో లెక్కే చెబుతుంది. సుజౌ రైలు ప్రశ్నను 40 మందికి ఇవ్వగా 26 మంది సరిగా గుర్తించారనుకుందాం. దాని సులభతా సూచిక, అంటే సరిగా గుర్తించినవారి వంతు, 0.65. మొత్తం మార్కులను బట్టి పై 27 శాతం, కింది 27 శాతం విద్యార్థులను వేరు చేస్తే ఒక్కో గుంపులో 11 మంది వస్తారు. పై గుంపులో 10 మంది, కింది గుంపులో 4 మంది సరిగా గుర్తిస్తే, తేడా అయిన 6ను 11తో భాగించగా, పై గుంపును కింది గుంపు నుండి ప్రశ్న ఎంతగా వేరు చేస్తుందో తెలిపే విచక్షణా సూచిక 0.55 వస్తుంది. 0.40 దాటితే ప్రశ్న బాగున్నట్లే లెక్క. ఇక తప్పు చేసిన 14 మందిలో 11 మంది 3.15ను, ముగ్గురు 3.25ను ఎంచుకుంటే, రెండు తప్పు సమాధానాలూ పని చేశాయనీ, తరగతికి ముందుగా "యూజ్డ్ టు" బోధించాలనీ తెలుస్తుంది.

గావోకావో పత్రాన్ని తయారుచేసేవారికి ఈ వెసులుబాటు లేదు. ప్రశ్నపత్రం అత్యంత రహస్యం కాబట్టి, దానిని రాసినవారు పరీక్ష ముగిసే వరకు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండవలసిందే గాని, ముందుగా విద్యార్థుల మీద ప్రయోగించి చూడలేరు. కష్టాన్ని అనుభవంతోనే అంచనా కట్టాలి. ఆ అంచనా తప్పితే ఏమవుతుందో 2018 నవంబరులో జెజియాంగ్ రాష్ట్రం చూసింది. ఏడాదికి రెండుసార్లు ఆంగ్ల పరీక్ష రాసే అవకాశం ఉన్న అక్కడ, ఆ విడత పత్రం ముందటి దానికంటే కఠినంగా ఉందన్న కారణంతో కొన్ని ప్రశ్నల మార్కులను తరువాత సవరించారు. తల్లిదండ్రులు, విద్యార్థులు తీవ్రంగా అభ్యంతరం చెప్పడంతో రాష్ట్ర ప్రభుత్వం విచారణ జరిపి, ఆ సవరణను రద్దు చేసి అసలు మార్కులనే పునరుద్ధరించింది. రెండు విడతల కష్టాన్ని సమం చేయాలన్న ఉద్దేశం తప్పు కాదు. కొలిచే పద్ధతిని పరీక్ష రాసేవారికి ముందే చెప్పకపోవడం తప్పు.

అభ్యాసం: నాలుగు చిన్న సంభాషణలు, 150 పదాలకు మించని ఒక పఠన భాగం రాయండి. సంభాషణకు ఒకటి చొప్పున నాలుగు శ్రవణ ప్రశ్నలు, పఠన భాగం మీద మూడు ప్రశ్నలు తయారుచేయండి. ప్రతి తప్పు సమాధానం పక్కన, దానిని ఎంచుకునే విద్యార్థి ఏ మాట దగ్గర పొరబడి ఉంటాడో ఒక వాక్యంలో రాయండి. అలా రాయలేని తప్పు సమాధానాన్ని తీసివేసి మరొకటి రాయండి. తరువాత పఠన భాగాన్ని దాచిపెట్టి, దాని మీది మూడు ప్రశ్నలను మాత్రమే ఎనిమిది మందికి ఇవ్వండి. ఏ ప్రశ్నకైనా ముగ్గురు లేక అంతకు మించి సరైన జవాబు గుర్తిస్తే, అది చదవనివారికి కూడా అందుతున్నదేమోనని అనుమానించి తిరగరాయండి. అయిదవ పాఠంలో గ్వాంగ్‌డాంగ్, బీజింగ్‌లలో కంప్యూటర్ ద్వారా జరిగే శ్రవణ, భాషణ పరీక్షను తీసుకుంటాం. మీరు రాసిన నాలుగు సంభాషణలు అప్పుడు మళ్లీ అవసరమవుతాయి.