బర్నింగ్ మ్యాన్‌కి వెళ్తున్నారా? ఇవి చూసుకుని బయల్దేరండి

బర్నింగ్ మ్యాన్ అంటే అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారిలో వేలమంది గుడారాలేసుకుని ఉండి, చివర్లో పెద్ద కర్ర బొమ్మని తగలబెట్టే ఉత్సవం. ఆగస్టు చివర్లో దానికి బయల్దేరేవాళ్లు ఇప్పటికే ఫొటోలన్నీ చూసేసి ఉంటారు. ఫొటోల్లో కనిపించేవి వేషాలు, మంటలు. పేపర్లలో ఎక్కువగా వచ్చేది బురద. రెండూ నిజమే కానీ వాటిని చూసి సామాను సర్దుకోలేం. వెళ్లొచ్చినవాళ్ల అనుభవాల్లో పగిలిన పాదాల గురించీ, బయటపడటానికి గంటలకొద్దీ కార్లో కూర్చోవడం గురించీ రాసిన పేరాలుంటాయి, మనం బోరు కొట్టి దాటేసేవి, ముందు అవి చదవండి.

అక్కడ కొనుక్కోవడానికి ఐస్ తప్ప దాదాపు ఏమీ ఉండదు. మనిషికి రోజుకి 1.5 గ్యాలన్లు, అంటే 6 లీటర్లకి కాస్త తక్కువగా నీళ్లు పట్టుకెళ్లాలి, తిండీ నీళ్లూ ఇంకో రెండు మూడు రోజులకి సరిపడా అదనంగా ఉంచుకోండి.

అది ఎండిపోయిన సరస్సు అడుగు, మట్టిలో క్షారం ఎక్కువ. చెప్పులేసుకుని తిరిగితే రెండో రోజుకే మడమలు పగిలి మంట మొదలవుతుంది, అందుకే బూట్లు, సాక్సులు వేసుకోండి. రాత్రి పడుకునే ముందు నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డ ముంచి వేళ్ల సందులు కూడా తుడుచుకుని, ఆరాక వాజలిన్ రాసి సాక్సులు తొడుక్కోండి. దీన్ని బద్ధకించకండి. దుమ్ము లేస్తే పక్కనున్న మనిషి కూడా కనిపించడు, గాగుల్స్, మాస్క్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

వాన పడితే మాత్రం బండి కదపొద్దు. 2023 సెప్టెంబర్ మొదట్లో వానకి దారులు మూసేస్తే దాదాపు 70 వేల మంది లోపలే ఉండిపోయారు, ఆగలేక బయల్దేరిన బండ్లు కొన్ని బురదలో దిగబడ్డాయి. అప్పుడే అక్కడ ఎబోలా వచ్చిందని సోషల్ మీడియాలో పుకారు కూడా తిరిగింది, అది పచ్చి అబద్ధం. లోపలున్న చాలామంది మాత్రం ఉన్నది పంచుకుని తిన్నామనీ, పాటలు పెట్టుకుని గడిపామనీ రాశారు. సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి మనకి తెలియకుండానే ఇంటి దగ్గర టీవీ చూసి అమ్మానాన్నలు టెన్షన్ పడతారు. ఫలానా రోజు దాకా ఫోన్ రాకపోవచ్చు, వార్తలు చూసి కంగారుపడకండి అని బయల్దేరే ముందే చెప్పేయండి, దయచేసి.

వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో మాట. నెవాడాలో గంజాయికి చట్టం ఒప్పుకున్నా ఆ ఎడారి ఫెడరల్ భూమి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వానిది, కేంద్ర చట్టం ప్రకారం అక్కడ అది నేరమే, ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకోవద్దు. దొరికితే చదువూ ఉద్యోగం రెండూ చిక్కుల్లో పడతాయి.

తిరుగు ప్రయాణంలో ఒక్కోసారి ఎనిమిది, పది గంటలు క్యూలోనే పోతాయి. వెళ్లేటప్పుడే దారిలో వచ్చే ఫెర్న్‌లీ ఊళ్లో ట్యాంక్ నింపుకోండి, కార్లో నడపగలిగినవాళ్లు కనీసం ఇద్దరుండాలి.